ఎందరు ప్రతినిధులు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం పురపాలక సంఘాల్లో వార్డుల సంఖ్య, ప్రజాభిప్రాయ సేకరణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పురపాలక సంఘ సభ్యుల సంఖ్యను, వార్డుల సరిహద్దులను నిర్ణయించే పద్ధతి చరిత్రలో ఎలా మారుతూ వచ్చిందో వివరించగలరు.
- సభ్యుల సంఖ్య మారితే ప్రాతినిధ్యం ఎలా మారుతుందో ఉదాహరణలతో చెప్పగలరు.
- ముసాయిదా ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ అనే దశల ప్రాధాన్యాన్ని అంచనా వేయగలరు.
- మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల అనుభవాన్ని ఇతర దేశాల పద్ధతులతో పోల్చగలరు.

1. పరిచయం

మీ వార్డు కౌన్సిలర్ ఎవరని అడిగితే మీలో చాలామంది వెంటనే పేరు చెబుతారు. మీ ఊరి పురపాలక సంఘంలో మొత్తం ఎందరు కౌన్సిలర్లున్నారని అడిగితే కొందరు తడుముకుంటారు. ఆ సంఖ్య అంతే ఎందుకుంది, దాన్ని ఎవరు నిర్ణయించారు, నిర్ణయించే ముందు ఊరివాళ్లను అడిగారా అని ప్రశ్నిస్తే జవాబు చెప్పేవారు అరుదు. ఎన్నికలంటే అభ్యర్థులు, పార్టీలు, గెలుపోటములే మనకు గుర్తుకొస్తాయి. అభ్యర్థులు రంగంలోకి దిగక ముందే రెండు నిర్ణయాలు జరిగిపోయి ఉంటాయి. మొదటిది, మొత్తం ఎన్ని స్థానాలు? రెండవది, ఒక్కొక్క స్థానం పరిధి ఎక్కడి నుండి ఎక్కడి వరకు?

ఈ రెండింటిలో ప్రజలకు ఎంత పాత్ర ఉంది అన్నదే ఈ పాఠం చర్చించే విషయం. దీనికి పూర్వపు చిత్తూరు జిల్లాలోని మూడు పట్టణాలను ఉదాహరణగా తీసుకుందాం. మదనపల్లె 1961లో పురపాలక సంఘమైంది. పుంగనూరు 1985లో అయింది. కుప్పం 2019-20లో గ్రామ పంచాయతీ స్థాయి నుండి ఆ హోదాకు చేరింది. 2021 ఎన్నికల నాటికి మదనపల్లెలో 35, పుంగనూరులో 31, కుప్పంలో 25 వార్డులున్నాయి. ఒకే ప్రాంతంలోని ఈ మూడు పట్టణాలు మూడు వేర్వేరు కాలాల్లో పట్టణ స్వపరిపాలనలోకి వచ్చాయి కాబట్టి, వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ చరిత్ర మొత్తం మన కళ్ల ముందుకు వస్తుంది.

2. వలస పాలనలో ప్రాతినిధ్యం: 1865 నుండి 1947 వరకు

2.1 నియమితుల సభలు

మద్రాసు రాష్ట్రంలో పట్టణ పాలనకు 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం ఒక రూపమిచ్చింది. పారిశుద్ధ్యం, రోడ్లు, దీపాలు, కాపలా వంటి పనులకు స్థానికుల నుండి పన్ను వసూలు చేయడం దాని ప్రధాన ఉద్దేశం. అప్పటి సభ్యులు నియమితులే. ఎందరిని నియమించాలో, ఎవరిని నియమించాలో నిర్ణయించేది ప్రభుత్వమే. 1871 చట్టం ఎన్నికకు అవకాశం కల్పించినా, దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది ప్రభుత్వ ఇష్టానికే వదిలేసింది. పన్ను కట్టేది ఊరు, సభ్యుల లెక్క తేల్చేది సర్కారు. ఆనాటి స్థితి ఇది.

2.2 రిప్పన్ తీర్మానం

1882 మే 18 నాటి రిప్పన్ తీర్మానం ఈ స్థితిని కొంత మార్చింది. స్థానిక సంస్థల్లో అధికారుల సంఖ్య మూడింట ఒక వంతుకు మించరాదని, వీలైన చోట ఎన్నిక పద్ధతి ప్రవేశపెట్టాలని అది సూచించింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. రిప్పన్ తీర్మానం చర్చించింది సభ్యుల నిష్పత్తిని. అధికారులెందరు, అనధికారులెందరు అన్నది దాని ప్రశ్న. ఒక్కొక్క సభ్యుడు ఎంతమంది ప్రజలకు ప్రతినిధి అన్న ప్రశ్న అప్పటికి ఇంకా పుట్టలేదు.

తీర్మానాన్ని అనుసరించి మద్రాసు ప్రభుత్వం 1884లో రెండు చట్టాలు చేసింది. జిల్లా మునిసిపాలిటీల చట్టం పట్టణాలకు, స్థానిక బోర్డుల చట్టం గ్రామీణ ప్రాంతాలకు వర్తించాయి. పట్టణాల్లో ఎన్నికయ్యే సభ్యుల వాటా నాలుగింట మూడు వంతుల వరకు పెరిగే వీలు కలిగింది. అయితే ఓటు హక్కు పన్ను చెల్లించేవారికే పరిమితమైంది. కూలీలకు, అద్దె ఇళ్లలో ఉండేవారికి, స్త్రీలలో అత్యధికులకు ఆ లెక్కలో చోటు లేదు.

2.3 మన మూడు పట్టణాల స్థితి

ఈ చట్టాల కాలంలో మన మూడు పట్టణాలు ఒకే జిల్లాలో లేవు. మదనపల్లె కడప జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీందారీకి కేంద్రం. కుప్పం అదే జిల్లాలోని కంగుంది జమీందారీలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఈ ప్రాంతంలో పట్టణ హోదా ముందుగా దక్కినవి యాత్రాస్థలమైన తిరుపతి (1886), జిల్లా కేంద్రమైన చిత్తూరు (1917). జమీందారీ ఊళ్లలో రైతు సంబంధం ప్రధానంగా జమీందారుతోనే. శిస్తు కట్టేది అక్కడే, తగవు తీరేది అక్కడే. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చేవరకు పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ వ్యవస్థ కొనసాగింది. కాబట్టి ప్రతినిధిని ఎన్నుకునే అలవాటు ఈ మూడు ఊళ్లకు ఒకేసారి, ఒకే తీరుగా రాలేదు.

2.4 1920 చట్టం, 1930 సవరణ

1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టాన్ని, స్థానిక బోర్డుల చట్టాన్ని తిరిగి రాశారు. ఓటర్ల సంఖ్య పెరిగింది. ఎన్నికల్లో గెలిచే అవకాశం లేని వర్గాలకు నామినేషన్ ద్వారా చోటు కల్పించారు. 1930 సవరణలతో నామినేషన్ పద్ధతి తొలగి, కొన్ని వర్గాలకు స్థానాలు కేటాయించే పద్ధతి వచ్చింది. దీనితో సభ్యుల సంఖ్యకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. మొత్తం స్థానాలు ఎన్నో తేలితేనే ఏ వర్గానికి ఎన్ని కేటాయించాలో తేలుతుంది. సంఖ్య అంటే లెక్క మాత్రమే కాదు, వాటా కూడా అని ఆ కాలం నేర్పింది.

3. స్వాతంత్ర్యం తరువాత చట్టాలు

3.1 1961 నుండి 1992 వరకు

మదనపల్లె 1961లో పురపాలక సంఘం అయ్యేనాటికి ఆంధ్ర ప్రాంతంలో 1920 నాటి మద్రాసు చట్టమే అమల్లో ఉంది. తెలంగాణ ప్రాంతానికి వేరే చట్టం ఉండేది. రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, 1965 వచ్చింది. పుంగనూరు, కుప్పం పురపాలక సంఘాలు ఏర్పడింది ఈ చట్టం కిందనే. తెలంగాణ 2019లో తన కోసం కొత్త చట్టం చేసుకున్నా, ఆంధ్రప్రదేశ్‌లో 1965 చట్టమే అనేక సవరణలతో కొనసాగుతోంది.

వయోజనులందరికీ ఓటు హక్కు రావడంతో 'ఎవరు ఓటు వేయాలి' అన్న పాత ప్రశ్న పరిష్కారమైంది. అయితే ఎన్నికలు సకాలంలో జరగకపోవడం, పాలకవర్గాలు రద్దయి ప్రత్యేకాధికారుల పాలన ఏళ్ల తరబడి సాగడం ఈ కాలపు పెద్ద లోపాలు. కౌన్సిలే లేనప్పుడు అందులో ఎందరుండాలన్న ప్రశ్నకు అర్థమే ఉండదు.

3.2 74వ రాజ్యాంగ సవరణ

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ రక్షణ కల్పించింది. మన పాఠానికి అవసరమైన అధికరణలు ఇవి:

- 243క్యూ: జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం వంటి అంశాలను చూసి ఒక ప్రాంతాన్ని పట్టణంగా గవర్నరు ప్రకటిస్తారు.
- 243ఆర్: పురపాలక సంఘంలోని స్థానాలన్నీ వార్డుల నుండి ప్రత్యక్ష ఎన్నిక ద్వారా భర్తీ కావాలి. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు వంటివారికి చోటు కల్పించే వీలు రాష్ట్ర చట్టానికి ఉంది.
- 243టి: షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా దామాషాలో, స్త్రీలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్ స్త్రీల వాటాను తరువాత సగానికి పెంచింది.
- 243యు: కౌన్సిల్ పదవీకాలం అయిదేళ్లు. గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలి.
- 243జెడ్‌జి: వార్డుల విభజనకు, స్థానాల కేటాయింపుకు సంబంధించిన చట్టం చెల్లుబాటును ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదు.

ఇన్ని చెప్పిన రాజ్యాంగం ఒక పట్టణానికి ఎందరు సభ్యులుండాలో చెప్పలేదు. ఆ పనిని రాష్ట్రాలకు వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో జనాభా శ్రేణులను బట్టి ప్రభుత్వం సభ్యుల సంఖ్యను నిర్ణయిస్తుంది. జనాభా అంటే చివరగా ప్రచురితమైన జనగణన లెక్క. అందువల్ల 2021లో జరిగిన ఎన్నికలకు కూడా 2011 జనగణనే ఆధారమైంది. ఈ పదేళ్లలో ఊరి చివర కొత్త కాలనీలు వెలిసినా, వాటి జనం ఆ లెక్కలోకి రాలేదు.

మీ అభ్యసన ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) రిప్పన్ తీర్మానం సభ్యుల సంఖ్యను చర్చించిందా, నిష్పత్తిని చర్చించిందా?
(ఆ) పురపాలక సంఘంలో సభ్యుల సంఖ్యను రాజ్యాంగం నిర్ణయించిందా?

4. సంఖ్య మారితే ఏం మారుతుంది?

4.1 ఒక ఊహాత్మక పట్టణం

అంకెలతో చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. అరవై వేల జనాభా గల ఒక పట్టణాన్ని ఊహించుకోండి. అక్కడ 20 వార్డులుంటే ఒక్కొక్క వార్డుకు సగటున 3,000 మంది. 30 వార్డులుంటే 2,000 మంది. ఊరి చివర 1,500 మంది నివసించే ఒక కాలనీ ఉందనుకుందాం. వార్డుకు 2,000 మంది అయితే, ఆ కాలనీ మొత్తం ఒకే వార్డులో ఉన్నప్పుడు నాలుగింట మూడు వంతుల బలం దానిదే. కౌన్సిలర్ ఆ కాలనీ మాట వినక తప్పదు. వార్డుకు 3,000 అయితే దాని బలం సగానికి తగ్గుతుంది. అదే కాలనీని మూడు వార్డులకు పంచి 500 మంది చొప్పున కలిపితే, 3,000 మంది వార్డులో దాని బలం ఆరింట ఒక వంతు మాత్రమే.

కాలనీ మారలేదు, ఓటర్లు మారలేదు. సంఖ్య, సరిహద్దు మాత్రమే మారాయి. కుళాయి ఏ వీధికి ముందు వస్తుంది, మురుగు కాలువ ఎక్కడ మొదలవుతుంది అన్న నిర్ణయాల మీద ఈ మార్పు ప్రభావం నేరుగా పడుతుంది.

రిజర్వేషన్లలోనూ ఇదే సూత్రం. ఒక వర్గం జనాభాలో 3 శాతం ఉంటే, 20 స్థానాల్లో దాని వాటా 0.6. 40 స్థానాల్లో 1.2. మొదటి సందర్భంలో ఒక స్థానం వస్తుందా రాదా అన్నది భిన్నాన్ని ఎటు సవరిస్తారన్న నియమం మీద ఆధారపడుతుంది. రెండవ సందర్భంలో ఆ సందేహం ఉండదు. చిన్న వర్గాలకు సభ్యుల సంఖ్య ఎంత కీలకమో దీన్నిబట్టి తెలుస్తుంది.

4.2 మదనపల్లె: సరిహద్దు, వృత్తి

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుపొందిన ప్రాంతం. నేత కార్మికులకు ఉమ్మడి సమస్యలుంటాయి. మగ్గం గుంటల్లోకి వాననీరు చేరడం, విద్యుత్తు కోత, ముడిసరుకు ధర వంటివి. వారు ఒకటి రెండు వార్డుల్లో గుంపుగా ఉంటే ఆ సమస్యలు కౌన్సిల్ సమావేశంలో వినబడతాయి. అనేక వార్డుల అంచులకు చెదిరితే ప్రతి చోటా వారు మైనారిటీ అవుతారు. వార్డుల విభజన చేసేటప్పుడు జనాభా సమానత్వంతో పాటు ఉమ్మడి ప్రయోజనాలు గల ప్రాంతాలను విడగొట్టకుండా చూడాలని ప్రజలు కోరడానికి కారణం ఇదే.

4.3 కుప్పం: పెరిగిందా, తగ్గిందా?

కుప్పం తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉన్న ఊరు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ అక్కడ వినబడతాయి. కుప్పం పంచాయతీతో పాటు చుట్టుపక్కల పంచాయతీలను కలిపి పురపాలక సంఘం చేశారు. పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం గ్రామ పంచాయతీ సభ్యుల సంఖ్య జనాభాను బట్టి 5 నుండి 21 వరకు ఉంటుంది. కాబట్టి కుప్పం పంచాయతీని మాత్రమే చూస్తే, 25 మంది కౌన్సిలర్లతో ప్రాతినిధ్యం పెరిగినట్లు కనబడుతుంది.

విలీనమైన పల్లెల వైపు నుండి చూస్తే చిత్రం వేరు. ఉదాహరణకు 9 మంది సభ్యులున్న ఒక పంచాయతీ పట్టణంలో కలిసిపోయి ఒక వార్డుగానో, రెండు వార్డుల్లో భాగంగానో మారిందనుకోండి. నిన్నటి వరకు ఆ పల్లెకు సొంత సర్పంచి, తొమ్మిది మంది సభ్యులు, గ్రామసభ ఉండేవి. నేడు ఒకరిద్దరు కౌన్సిలర్లు మాత్రమే. రోడ్డు, నీరు, దీపాలకు ఎక్కువ నిధులు వస్తాయన్న ఆశ ఒకవైపు, పన్ను పెరుగుతుందన్న భయం, ఉపాధి హామీ పనులు పోతాయన్న ఆందోళన మరోవైపు. విలీనంపై జరిగే చర్చల్లో ఈ రెండూ వినబడతాయి. ప్రతినిధుల సంఖ్య తగ్గుతుందన్న విషయం మాత్రం ఆ చర్చల్లో తక్కువగా వస్తుంది. పల్లె పట్టణమైనప్పుడు కోల్పోయేవాటిలో ఇది ముఖ్యమైనదని చరిత్ర విద్యార్థులు గుర్తించాలి.

4.4 పుంగనూరు: స్థానాలు ఉండి, పోటీ లేనప్పుడు

2020 మార్చి 9న పురపాలక ఎన్నికల నోటిఫికేషన్ వెలువడింది. నామినేషన్లు పడిన తరువాత కోవిడ్ కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియను నిలిపివేసింది. ఆగిన చోటి నుండే అది మళ్లీ మొదలై, 2021 మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు జరిగాయి. పుంగనూరులోని 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. రాష్ట్రంలో మాచర్ల, పిడుగురాళ్ల, పులివెందుల పట్టణాల్లో కూడా అన్ని వార్డులూ అలాగే ఏకగ్రీవమయ్యాయి. కుప్పంలో 2021 నవంబరు 15న ఎన్నిక జరిగింది. అక్కడ ఒక వార్డు ఏకగ్రీవం కాగా మిగిలిన 24 వార్డుల్లో పోలింగ్ జరిగి, 17న ఫలితాలు వచ్చాయి.

ఏకగ్రీవాలకు కారణాలపై రాజకీయ పక్షాల మధ్య తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. మన పాఠానికి సంబంధించినంత వరకు ఒక విషయం చాలు. పుంగనూరులో 31 మంది ప్రతినిధులు వచ్చారు, కానీ ఒక్క ఓటరు కూడా పోలింగ్ కేంద్రానికి వెళ్లే అవసరం రాలేదు. స్థానాల సంఖ్య ప్రాతినిధ్యానికి అవసరం, కానీ అదొక్కటే చాలదు. ఎంచుకునే అవకాశం కూడా ఉండాలి.

పైగా ఇప్పుడు ఛైర్‌పర్సన్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకోరు. కౌన్సిలర్లు, ఎక్స్ అఫిషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. కాబట్టి ఎన్ని వార్డులున్నాయి, వాటి గీతలు ఎలా ఉన్నాయి అన్నది పట్టణ పెద్ద ఎవరన్న దాన్ని కూడా ప్రభావితం చేస్తుంది.

5. ప్రజలను అడిగే దశ

5.1 ముసాయిదా, అభ్యంతరాలు

వార్డుల విభజనకు ఆంధ్రప్రదేశ్‌లో 1996 నాటి నియమాలు ఒక క్రమాన్ని ఏర్పరచాయి. ఆ క్రమాన్ని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. ముందు ప్రభుత్వం సభ్యుల సంఖ్యను నిర్ణయిస్తుంది. ఆ సంఖ్యతో జనాభాను భాగించి వార్డు సగటును తేలుస్తారు. వార్డుల జనాభా ఆ సగటుకు పది శాతం లోపు తేడాతో ఉండేలా కమిషనరు ముసాయిదా తయారుచేస్తారు. దాన్ని ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు కోరుతారు. వచ్చినవాటిని పరిశీలించి, పై అధికారులకు పంపి, ప్రభుత్వ ఆమోదంతో తుది ప్రకటన చేస్తారు. ఆ తరువాతే రిజర్వేషన్ల ఖరారు, ఓటర్ల జాబితా, ఎన్నికల ప్రకటన.

ఈ క్రమంలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, ప్రజలను అడిగేది సరిహద్దుల గురించి. సంఖ్య అప్పటికే తేలిపోయి ఉంటుంది. '35 వార్డులు ఎలా ఉండాలి' అన్నదానికి జవాబు చెప్పవచ్చు, '35 ఎందుకు' అన్న ప్రశ్న ఆ కాగితంలో ఉండదు. రెండు, అడిగే గడువు తక్కువ. సాధారణంగా ఒక వారం. రోజు కూలీకి వెళ్లేవారు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి, ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, దక్షిణాన ఫలానా కాలువ అని రాసిన హద్దులు చదివి, తమ ఇల్లు ఏ వార్డులో పడిందో తెలుసుకొని, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడానికి ఆ వారం సరిపోతుందా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

5.2 న్యాయస్థానాల దృష్టి

తుది ప్రకటన తరువాత కోర్టుకు వెళ్లవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 243జెడ్‌జి అధికరణ ఆ దారిని చాలావరకు మూసింది. పంచాయతీలకు ఇలాంటి నిబంధనే 243ఓ అధికరణలో ఉంది. దాన్ని ఉత్తరప్రదేశ్ పంచాయతీల కేసులో సుప్రీంకోర్టు 1995లో పరిశీలించింది. విభజనకు ముందు అభ్యంతరాలు కోరలేదు, వినలేదు అన్న కారణం మీద తప్ప దాన్ని ప్రశ్నించడం కుదరదని, అది కూడా ఎన్నికల నోటిఫికేషన్ వెలువడక ముందే జరగాలని ఆ తీర్పు సారాంశం.

దీని అర్థం ఏమిటి? అభ్యంతరాలు వినడం ప్రభుత్వం చేసే ఉపకారం కాదు. ఆ దశ లేకుండా జరిగిన విభజన నిలబడదు. అదే సమయంలో, ఆ వారం మౌనంగా ఉన్న పౌరుడికి తరువాత దారి దాదాపు లేదు. సంఖ్యపై నోరు మెదిపే చోటు లేని వ్యవస్థలో సరిహద్దుపై నోరు విప్పగలిగిన ఆ కొద్ది రోజులే ప్రజల చేతిలో ఉన్న సాధనం.

5.3 జిల్లాల విభజన అనుభవం

ఇదే ప్రాంతం ఇటీవల మరో అభిప్రాయ సేకరణను చూసింది. 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా ప్రకటన వెలువడినప్పుడు అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. మదనపల్లెను జిల్లా కేంద్రం చేయాలని పట్టణంలో ఆందోళనలు జరిగాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పుడు మదనపల్లె, అప్పట్లో రాయచోటి కేంద్రంగా ఉన్న అన్నమయ్య జిల్లాలో చేరింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. జిల్లా కేంద్రం ఎక్కడన్న ప్రశ్నకు ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. వార్డులు ఎన్నన్న ప్రశ్నకు అలాంటి కదలిక కనబడదు. జిల్లా కేంద్రం కంటికి కనబడే గౌరవం. వార్డు గీత కాగితం మీది గీత. కాని రోజువారీ జీవితానికి దగ్గరగా ఉండేది రెండవదే.

మీ అభ్యసన ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) వార్డుల విభజనలో ప్రజల అభిప్రాయం కోరేది ఏ అంశంపై?
(ఆ) 243జెడ్‌జి అధికరణ దృష్ట్యా అభ్యంతరాల దశకు ఉన్న ప్రాధాన్యం ఏమిటి?

6. ఇతర దేశాల అనుభవం

సంఖ్యను ప్రజల ముందు పెట్టడం సాధ్యమేనా? న్యూజిలాండ్ అనుభవం సాధ్యమేనని చెబుతుంది. అక్కడి స్థానిక ఎన్నికల చట్టం, 2001 ప్రకారం ప్రతి స్థానిక కౌన్సిల్ కనీసం ఆరేళ్లకొకసారి తన ప్రాతినిధ్య ఏర్పాట్లను సమీక్షించుకోవాలి. మేయరుతో కలిపి 6కు తగ్గకుండా, 30కి మించకుండా ఎందరు సభ్యులుండాలో కౌన్సిల్ ప్రతిపాదిస్తుంది. దానిపై ప్రజలు అభిప్రాయాలు తెలపడానికి నెలకు తగ్గని గడువు ఉంటుంది. తుది ప్రతిపాదన నచ్చనివారు స్థానిక ప్రభుత్వ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. వార్డుల జనాభాలో పది శాతం తేడా అనే నియమం అక్కడ కూడా ఉంది. అంటే గణితం మనకూ వారికీ ఒకటే. తేడా ప్రశ్నలో ఉంది. వారు సంఖ్యను కూడా అడుగుతారు.

దీనికి భిన్నమైనది కెనడాలోని టొరంటో అనుభవం. ఆ నగరం ప్రజలతో సంప్రదింపులు జరిపి వార్డులను 47గా నిర్ణయించుకుంది. 2018 అక్టోబరులో ఎన్నికలు జరగవలసి ఉండగా, ప్రచారం సాగుతున్న ఆగస్టులో ఒంటారియో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ సంఖ్యను 25కు తగ్గించింది. వివాదం కెనడా సుప్రీంకోర్టుకు చేరింది. 2021 అక్టోబరు 1న కోర్టు 5-4 ఆధిక్యంతో ఆ చట్టాన్ని సమర్థించింది. నగరాలు రాష్ట్ర చట్టం నుండి పుట్టినవి కాబట్టి వాటి నిర్మాణాన్ని మార్చే అధికారం రాష్ట్రానికి ఉందన్నది ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన.

ఇక్కడ ఒక పోలిక చూడండి. ఇరవై ఏడు లక్షలకు పైగా జనాభా గల టొరంటోకు 25 మంది కౌన్సిలర్లు. చిన్న పట్టణమైన కుప్పానికీ 25 మందే. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని దీని అర్థం కాదు. టొరంటో కౌన్సిలర్ కార్యాలయం, సిబ్బంది, జీతం గల పూర్తికాల ప్రతినిధి. కుప్పం కౌన్సిలర్ వీధిలో ఎదురుపడే మనిషి. దీపం వెలగకపోతే సైకిలాపి చెప్పుకోగలిగినంత దగ్గర. 'సరైన సంఖ్య' అనేది గణితం నుండి పుట్టదు. ప్రతినిధి నుండి మనం ఏం ఆశిస్తున్నామన్న దాని నుండి పుడుతుంది. అందుకే దాన్ని ఆ ప్రజలనే అడగాలన్న వాదనకు బలం వస్తుంది.

7. రెండు వైపుల వాదనలు

సభ్యుల సంఖ్య ఎక్కువ ఉండాలనేవారు చెప్పే కారణాలు: ప్రతినిధి అందుబాటులో ఉంటాడు, చిన్న వర్గాలకు చోటు దొరుకుతుంది, తక్కువ ఖర్చుతో సామాన్యుడు పోటీ చేయగలడు, కొద్దిమంది చేతుల్లో కౌన్సిల్ చిక్కుకోదు.

తక్కువ ఉండాలనేవారి కారణాలు కూడా తోసిపుచ్చదగినవి కావు. వార్డు మరీ చిన్నదైతే కొన్ని కుటుంబాలే ఫలితాన్ని శాసించగలవు. కొద్ది ఓట్లను డబ్బుతో కొనడం తేలిక. ప్రతివారూ తమ వీధి వరకే ఆలోచిస్తే ఊరంతటికీ కావలసిన మంచినీటి పథకం, చెత్త నిర్వహణ వంటివి వెనుకబడతాయి. గౌరవ వేతనాలు, సమావేశాల ఖర్చు పెరుగుతాయి.

ప్రభుత్వం సంఖ్యను పట్టిక ప్రకారం నిర్ణయించడానికి కూడా ఒక సమర్థన ఉంది. ఒకే జనాభా గల రెండు పట్టణాలకు ఒకే సంఖ్య ఉండటం న్యాయం. ఊరికొక తీరుగా ఉంటే పక్షపాతానికి తావుంటుంది. ఈ వాదనను అంగీకరిస్తూనే, పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టి, ఆ మధ్యలో ఎంత ఉండాలన్నది పట్టణ ప్రజల అభిప్రాయానికి వదలవచ్చు. న్యూజిలాండ్ చట్టం చేసింది ఇదే. కొండలు, విలీన పల్లెలు, మూడు భాషలు గల కుప్పం అవసరం, ఒత్తుగా ఇళ్లున్న మదనపల్లె నడిబొడ్డు అవసరం ఒకటి కాకపోవచ్చు.

8. సారాంశం

1865 నుండి నేటి వరకు మనం చూసిన చరిత్రను నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చు. సభ్యులను ఎన్నుకోవాలా, నియమించాలా? ఈ ప్రశ్న 1930 నాటికి తేలింది. ఎవరికి ఓటుండాలి? స్వాతంత్ర్యంతో తేలింది. ఏ వర్గానికి ఎంత వాటా? 74వ సవరణ చాలావరకు తేల్చింది. గీతలు ఎక్కడ గీయాలి? దీనిపై వారం రోజుల పాటు ప్రజలను అడుగుతున్నారు. అయిదవ ప్రశ్న, అసలు ఎందరు ఉండాలి అన్నది, నియమితుల సభల కాలంలో ఎవరి చేతిలో ఉందో నేటికీ దాదాపు అక్కడే ఉంది. జమీందారీ పోయింది, జిల్లాలు మారాయి, పంచాయతీ పురపాలక సంఘమైంది, కాని ఈ నిర్ణయం మాత్రం పై నుండి కిందికే వస్తోంది.

2021లో ఏర్పడిన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026లో ముగుస్తుంది. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. ఆ లెక్కలు ప్రచురితమైన తరువాత జనాభా శ్రేణులు మారతాయి, వార్డుల సంఖ్య మారుతుంది, గీతలు మళ్లీ గీస్తారు. ఆనాడు మీ ఊరి పురపాలక కార్యాలయం గోడ మీద ఒక ముసాయిదా అంటిస్తారు. మీ ఇంటి హద్దులు అందులో వెతకండి. పక్కింటి చదువురాని పెద్దమ్మ ఇల్లు ఏ వార్డులో పడిందో కూడా చూడండి. అభ్యంతరం ఉంటే గడువులోగా రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. సంఖ్యపై అడగకపోయినా మీ అభిప్రాయం రాయడానికి అడ్డేమీ లేదు.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మద్రాసు రాష్ట్రంలో పట్టణ ప్రాతినిధ్యం 1865 నుండి 1930 వరకు పరిణమించిన తీరును వివరించండి.
2. వార్డుల విభజనలో ప్రజాభిప్రాయ సేకరణ పరిధిని, పరిమితులను మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పంచాయతీలు పట్టణంలో విలీనమైనప్పుడు ప్రాతినిధ్యంలో వచ్చే మార్పు.
2. న్యూజిలాండ్, టొరంటో అనుభవాల మధ్య తేడా.
3. మీ ఊరి పురపాలక సంఘంలో లేదా పంచాయతీలో సభ్యుల సంఖ్య ఎంత? అది పెరగాలా, తగ్గాలా? మీ కారణాలు రాయండి.